తల్లిదండ్రులు మరియు వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007

వృద్ధాప్యంలో నిరాదరణకు, వేధింపులకు గురయ్యేవారికి రక్షణ కల్పించుటకు భారత పార్లమెంటు చేసిన చట్టమిది. 2007 డిసెంబరు 29న దీనికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. 60 ఏళ్ళు నిండిన భారత పౌరులను ఈ చట్టం వయోవృద్ధులుగా పరిగణిస్తుంది. తల్లిదండ్రులకు మాత్రం ఈ వయోపరిమితి లేదు. దత్తత తీసుకున్నవారు, సవతి తల్లిదండ్రులు కూడా దీని పరిధిలోకి వస్తారు.

మనోవర్తి

తమ సంపాదనతో గాని, ఆస్తితో గాని జీవించలేనివారు మైనర్లు కాని కుమారులు, కుమార్తెలు, మనుమలు, మనుమరాండ్ర నుండి మనోవర్తి కోరవచ్చును. సంతానం లేనివారు తమ ఆస్తిని అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువులను కోరవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ట్రిబ్యునల్‌కు రెవెన్యూ డివిజనల్ అధికారి (ఆర్డీవో) అధ్యక్షత వహిస్తారు. అప్పీలును జిల్లా కలెక్టరు విచారిస్తారు. దరఖాస్తుకు న్యాయవాదిని పెట్టుకోనవసరం లేదు. నోటీసు అందిన 90 రోజులలో విచారణ ముగియాలి. ప్రత్యేక పరిస్థితులలో మరో 30 రోజుల గడువు ఉంటుంది. మనోవర్తి నెలకు 10,000 రూపాయలు మించరాదు. ఈ పరిమితిని తొలగించే బిల్లును 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టినా అది చట్టం కాలేదు.

23వ సెక్షను

వేధింపు అనగానే దెబ్బలు, తిట్లు గుర్తుకు వస్తాయి. కాని ఇల్లు, పొలం బిడ్డల పేర వ్రాసి ఇచ్చి, ఆ ఇంట్లోనే పట్టెడన్నానికి ఎదురుచూడవలసి రావడం కూడా వేధింపే. తమ కనీస అవసరాలు చూడాలన్న షరతుతో, చట్టం అమలులోకి వచ్చాక వ్రాసిన దానపత్రాన్ని, షరతు తప్పితే మోసంతోనో బలవంతంతోనో వ్రాయించుకున్నదిగా భావిస్తారు. వృద్ధులు కోరితే ట్రిబ్యునల్ దానిని రద్దు చేయవచ్చు.

చిక్కల్లా షరతు దగ్గరే ఉంది. బిడ్డను నమ్మి వ్రాసే పత్రంలో ప్రేమాభిమానాల ప్రస్తావనే తప్ప షరతు సాధారణంగా ఉండదు. అట్టి షరతు ఉన్నట్లు నిరూపించాలని సుదేశ్ ఛికారా కేసులో (2022) సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఊర్మిళా దీక్షిత్ కేసులో (2025 జనవరి) అదే న్యాయస్థానం చట్టాన్ని ఉదారంగా అన్వయించి, దానపత్రాన్ని రద్దుచేసి ఆస్తిని తల్లికి తిరిగి ఇప్పించింది. వీలునామాకు ఈ ఇబ్బంది లేదు. అది మరణానంతరమే అమలులోకి వస్తుంది, అంతవరకు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

అయితే ఈ చట్టాన్ని అడ్డుపెట్టుకొని కోడలి నివాస హక్కును కాలరాయరాదని 2020లో ఎస్. వనిత కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

శిక్ష, సహాయం

పోషణ బాధ్యత ఉన్నవారు వృద్ధులను వదిలివేస్తే 3 నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. కన్నబిడ్డపై ఫిర్యాదు చేయడానికి చాలామందికి మనసు రాదు. వృద్ధులు స్వయంగా రాలేకపోతే వారు అధికారమిచ్చిన వ్యక్తి లేదా సంస్థ దరఖాస్తు చేయవచ్చు. ట్రిబ్యునల్ తనంత తానుగా కూడా విచారణ చేపట్టవచ్చు. వృద్ధుల కొరకు ఏర్పాటైన జాతీయ సహాయ కేంద్రం ఫోను సంఖ్య 14567.