రికార్డయిన గద్దర్, రికార్డుకెక్కని డప్పు

పాటను చరిత్రకు ఆధారంగా మన విశ్వవిద్యాలయాలు ఇప్పటికీ తేలిగ్గా ఒప్పుకోవు. కాగితం ఉంటేనే చరిత్ర అంటారు. మరి అక్షరం దగ్గరికే రానివ్వని జనం చరిత్ర ఎక్కడ వెతకాలి? కేసెట్లలో వెతకాలని మేం అంటున్నాం. అందుకే గద్దర్ రికార్డు పాటల్ని నూజివీడు మామిడితోటల దిక్కు నుంచి వినాలనుకున్నాం.

ఈ దిక్కు నుంచే ఎందుకు? మద్రాసు ప్రభుత్వం 1948లో చేసిన ఎస్టేట్ల రద్దు చట్టంతో నూజివీడు జమీందారీ పోయింది. కోట మిగిలింది, తోటలు మిగిలాయి. బంగినపల్లి, చిన్నరసాల కోత రోజుల్లో చిక్కం పట్టేవాళ్లలో, గంపలు మోసేవాళ్లలో మాల, మాదిగ పేటల జనం ఉన్నారు. చెట్టు వాళ్లది కాదు, కాయ ధర వాళ్ల చేతిలో లేదు. 1980లో విడుదలైన 'మా భూమి'లో గద్దర్ పాడిన 'బండెనక బండి కట్టి' నైజాము సర్కారు మీద పాట. కోట నీడలో బతికినవాళ్లకు ఆ కోపం ఏమిటో ఒకరు విడమర్చి చెప్పాలా?

అయితే ఆ పాట కట్టింది గద్దర్ కాదు. సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. జనం నోట మాత్రం అది గద్దర్ పాటే అయింది. 1995 నాటి 'ఒరేయ్ రిక్షా'లో సంగతి తిరగబడింది. 'నీ పాదం మీద పుట్టుమచ్చనై' గద్దర్ రాసింది, పాడింది వందేమాతరం శ్రీనివాస్. ఒకచోట గొంతు ఆయనది, మాట వేరొకరిది. ఇంకోచోట మాట ఆయనది, గొంతు వేరొకరిది. సినిమా రికార్డుకు పేర్లయినా ఉంటాయి. జననాట్యమండలి కేసెట్లు, సభల్లో ఎవరో టేపు చేసుకున్న పాటలు అట్లా కాదు. రెండు టేపురికార్డర్లుంటే చాలు, కాపీ మీద కాపీ వెళ్లిపోయేది. పాట ఊళ్లు దాటింది, పేర్లు రాలిపోయాయి.

ఆ టేపుల్లోనే మన చరిత్ర మలుపు కూడా ఉంది. 1971 నాటి 'ఆపర రిక్షా'లో కష్టజీవి ఉన్నాడు. 1985 జులై 17న కారంచేడు జరిగాక 'దళిత పులులు' వచ్చింది. కూలి అన్న మాట చాటున ఉన్న కులం పేరు పెట్టుకుని బయటికొచ్చింది. ఇది గాయకుడి గొప్పే కాదు. దెబ్బలు తిని లేచి నిలబడ్డ కారంచేడు జనం, అదే ఏడు పుట్టిన దళిత మహాసభ పాటకు నేర్పిన పాఠం ఇది.

అమెరికా పల్లెపాటల గాయకుడు హ్యాంక్ విలియమ్స్ రికార్డులకు తేదీలతో సహా జాబితాలున్నాయి. ఆయనకు సంగీతం నేర్పిన నల్లజాతి వీధి గాయకుడు రూఫస్ పేన్ రికార్డు ఒక్కటీ లేదు. మన దగ్గరా ఇదే కథ. డప్పు మోత టేపులో ఉంది, కొట్టినవాడి పేరు అట్ట మీద లేదు. ఆ డప్పు చావుకీ జాతరకీ మాదిగల చేత కొట్టించి, అంటరానిదన్నారు. సభలో అదే ముందు నడిచింది.

గద్దర్ 2023 ఆగస్టు 6న చనిపోయారు. చుండూరు మారణకాండ కూడా 1991లో అదే తేదీన జరిగింది. టేపులకు బూజు పడుతోంది. గొంతు విని ఇది ఫలానా వాడిదని చెప్పగలిగే పెద్దలు వెళ్లిపోతున్నారు. ఏ ఏడు, ఏ ఊరు, ఎవరి మాట, ఎవరి బాణీ, ఎవరి డప్పు - ఈ ఐదూ రాసిన జాబితా కావాలి. దాన్ని మన పేటల నుంచే మొదలుపెట్టాలి. ఇంకెవరో రాస్తే అందులో గద్దర్ ఒక్కడే మిగులుతాడు.