విడదీయదగిన గుర్రం: పశువైద్య శరీర నిర్మాణ బోధనలో ఓజూ నమూనాలు

ఐరోపా పశువైద్య శరీర నిర్మాణ శాస్త్ర చరిత్రలో గుర్రానికి దక్కిన ప్రాధాన్యం మరే జంతువుకూ దక్కలేదు. సైన్యమూ రవాణా దానిపైనే ఆధారపడి ఉండటం ఇందుకు ముఖ్య కారణం. బొలోన్యా నగర సెనేటరు కార్లో రుయిని రచించిన సచిత్ర అశ్వశరీర గ్రంథం 1598లో వెలువడింది. ఇంగ్లండు చిత్రకారుడు జార్జ్ స్టబ్స్ హార్క్‌స్టో గ్రామంలో సుమారు 18 నెలల పాటు గుర్రపు కళేబరాలను స్వయంగా ఛేదించి, పొర తరువాత పొరగా చిత్రించాడు. ఆ చిత్రాలను తానే రేకులపై చెక్కి 1766లో ప్రచురించాడు. సౌందర్యంలోనూ సూక్ష్మతలోనూ వాటికి సాటి రాగలవి అరుదు. అయినా పుటలోని కండరాన్ని ఎత్తి దాని అడుగున ఏమున్నదో చూడటం విద్యార్థికి సాధ్యం కాదు.

ఆల్ఫోర్ పశువైద్య పాఠశాల తొలి శరీర నిర్మాణాచార్యుడు ఒనొరే ఫ్రాగొనార్ చర్మం ఒలిచి, భద్రపరచి, ఆరబెట్టిన నిజ శరీరాలనే ప్రదర్శనకు నిలిపాడు. గుర్రంపై కూర్చున్న మనిషి రూపం వాటిలో ప్రసిద్ధం. అవి చూపరులను నివ్వెరపరుస్తాయి గాని, విడదీసి చూడటానికి వీలైనవి కావు.

ఈ లోటును తీర్చినవాడు నార్మండీకి చెందిన వైద్యుడు లూయీ ఓజూ (1797–1880). మైనపు నమూనాలు ఖరీదైనవి, పదే పదే తాకితే చెడిపోయేవి. ఆయన కాగితపు గుజ్జు, బెండు పొడి, జిగురు కలిపిన ముద్దను అచ్చులలో నొక్కి, గట్టిపడిన భాగాలకు రంగులు వేయించి, అంకెలు అంటించాడు. కొక్కేలు విప్పితే కండరాలు, అవయవాలు ఒక్కొక్కటిగా ఊడివస్తాయి. తిరిగి వరుస తప్పకుండా అమర్చటమే అసలు పాఠం. అచ్చు ఒకటే కనుక, దూరదూరపు పాఠశాలలలోనూ ఒకే గుర్రం చదువుకు వచ్చేది. ఇది ఎంత సౌలభ్యమో అంత పరిమితి కూడా. కళేబరాలలో సహజంగా కనిపించే వ్యక్తిగత భేదాలు అచ్చులో ఉండవు.

ఆ దృష్టితో చూస్తే, నిలువెత్తు గుర్రం కన్నా ఓజూ తయారుచేసిన దంతాల పెట్టెలే పశువైద్యానికి మరింత సన్నిహితమైనవి. వివిధ వయస్సుల దవడలు వాటిలో వరుసగా ఉంటాయి. కింది ముందుపళ్ళలోని నల్లని గుంటలు సుమారు ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య నడిమి జతతో మొదలై క్రమంగా అరిగిపోతాయి. ఆ తరువాత పంటి ఉపరితలం అండాకారం వదలి త్రికోణానికి మారుతుంది. సంతలో పళ్ళు చూసి కోడె వయస్సు కట్టే తెలుగు రైతుకు ఈ విద్య వింత కాదు. అయితే అశ్వవ్యాపారులు ముసలి గుర్రం పంటిని తొలిచి, కాల్చి, దొంగ గుంట సృష్టించేవారు. అశ్వదళానికి గుర్రాలు కొనే అధికారి ఆ మోసాన్ని పసిగట్టలేకపోతే, కొద్దికాలంలోనే పనికిరాకుండా పోయే జంతువుకు పడుచు గుర్రం వెల చెల్లించవలసి వచ్చేది.