ఓట్లు పెరిగి స్థానములు తరిగిన ఎన్నిక

1954 నవంబరులో మద్యనిషేధవిషయమై వచ్చిన అవిశ్వాసతీర్మానము ఒక్క ఓటు ఆధిక్యముతో నెగ్గి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము పడిపోగా, అప్పటికి ఏర్పడి పదునాలుగు నెలలైనను నిండని ఆంధ్రరాష్ట్రము 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలకు సిద్ధపడవలసి వచ్చెను. అంతకు మూడేండ్ల క్రిందట ఆంధ్రజిల్లాలనుండి నలువదికి పైగా స్థానములు గెలిచిన కమ్యూనిస్టులు ఈ పర్యాయము ప్రభుత్వమునే స్థాపింతురని పలువురు తలంచుచుండగా, 196 స్థానములలో వారికి దక్కినవి పదునైదు మాత్రమే.

ఓడినవారిని ప్రజలు త్రోసిపుచ్చిరనుకొనుట మనకు పరిపాటి. కాని పోలైన ఓట్లలో వారి వాటా తగ్గుటకు మాఱుగా పెరిగి నూటికి 31 వంతులైనది! మునుపు పలుపార్టీల నడుమ చీలిన కమ్యూనిస్టేతర ఓట్లు, కాంగ్రెసు, రంగాగారి కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశంగారి ప్రజాపార్టీ ఏకమై నిలిచినందున ఒక్కచోట చేరినవి. ఫలితములోని సగము రహస్యము ఈ కూడికలోనే యున్నది.

తక్కిన సగము పెట్టె చెప్పునది కాదు. ఆ దినములలో ఓటరు తెరచాటునకు పోయి, కాడియెద్దుల బొమ్మ యొక దానిపై, కంకి కొడవలి మఱియొక దానిపై అంటించియున్న పెట్టెలలో తనకు నచ్చిన దానిలో, ఏ గుర్తును వేయనక్కఱలేని కాగితమును విడిచి వచ్చెడివాడు. అతడు కౌలుదారో కూలియో, ఎవరి మాటపై వచ్చెనో, ఆ కాగితము తెలుపదు.

1956లో సెలిగ్ హారిసన్ అను అమెరికను పాత్రికేయుడు, ఓటరు ఏల అట్లు వేసెనను ప్రశ్నకు కులమున సమాధానము వెదకెను. డెల్టా కమ్యూనిస్టు నాయకత్వములో కమ్మవారి ప్రాబల్యమును, కాంగ్రెసులో రెడ్ల పలుకుబడిని ఆయన ఎత్తిచూపిన తీరు నేటికిని చదువదగినదే. అయినను, ఇరుపక్షముల అభ్యర్థులును ఒకే కులమువారైన నియోజకవర్గములలో కులమొక్కటే దేనిని నిర్ణయింపగలదు? ఆధిపత్యము గల కులములలోని వర్గవైషమ్యములను పరిశీలించిన కరొలిన్ ఇలియట్ వ్యాసము, రాజనీతిశాస్త్రజ్ఞుడు రజనీ కొఠారీ 1970లో సంపాదకత్వము వహించిన గ్రంథమున వెలువడి, ఈ లోపమును చాలవఱకు పూరించినది.

నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది అమెరికను రాజనీతిశాస్త్రజ్ఞుడు మైరన్ వీనర్ కృషి. దేశమున ఆయన ఎన్నుకొన్న అయిదు ప్రదేశములలో గుంటూరు ఒకటి. కాంగ్రెసు ఎట్లు నిలిచినదని అడుగుచు, సిద్ధాంతోపన్యాసములను విడిచి, కార్యకర్తల నిత్యకృత్యములను గమనించెను. సర్కారు కచేరీలో పని పడిన గ్రామీణునకు తోడుపోయి దానిని నెరవేర్చిపెట్టుట, ఊరి తగవులో మధ్యవర్తిగా కూర్చుండుట, ఇట్టి పనులలో పార్టీబలము ఎట్లు పెంపొందినదో 1967లో ప్రచురించిన గ్రంథమున నిరూపించెను.

ఆ 1967లోనే సాధారణ ఎన్నికలు ముగిసిన పిమ్మట, కొఠారీ ఢిల్లీలో స్థాపించిన పరిశోధనాకేంద్రమువారు ప్రశ్నావళులు చేతబట్టి, దేశమునందలి పలుప్రాంతముల ఓటర్ల గడపలకే పోయి, ఎవరికి వేసితిరి, ఏల వేసితిరి అని అడిగిరి.