దోర్నకలు సంఘవికాసమున గ్రామోపాధ్యాయుడు

క్రైస్తవ సంఘముల చరిత్రలను సాధారణముగా దేవాలయముల లెక్కలతో వ్రాయుదురు. దోర్నకలు చరిత్ర గ్రామోపాధ్యాయునితో మొదలిడదగినది.

1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ దోర్నకలును సేవాక్షేత్రముగా ఎంచుకొనెను. స్థాపకులలో నొకరగు వేదనాయకము శామ్యూల్ అజరయ్య 1909లో అచ్చటికి వచ్చి, తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికన్ సంఘమునకు ప్రథమ భారతీయ బిషప్పు అయ్యెను.

ఆయన ప్రణాళికకు పల్లెటి ఉపాధ్యాయుడే ఆధారము. ఆతడు పిల్లలకు అక్షరములు నేర్పును. పెద్దలచేత ప్రార్థన చేయించును. బాప్తిస్మము పొందినవారెల్లరు సువార్తను చాటుటకు ప్రతిన పూనవలెను. సంఘవ్యయమునకై గృహిణులు వంటకు ముందు పిడికెడు బియ్యము తీసియుంచెడివారు. చేరినవారిలో పెక్కుమంది మాల, మాదిగ కూలీలు. బడిగడప తొక్కుటకు వీలులేకుండినవారు. మతాంతరీకరణమును గూర్చి 1930వ దశకమున గాంధీజీ ఆయనతో విభేదించెను. ఆ వివాద మెట్లున్నను, ఆ వాడలకు అక్షరము చేరినమాట కాదనరానిది.

అజరయ్య 1945 జనవరి 1న దివంగతుడయ్యెను. 1947లో ఆ అధ్యక్ష ఖండము దక్షిణ ఇండియా సంఘమున చేరెను.

తమిళుడొకడు తెలుగు నేర్చి తెలుగు పల్లెలకు చదువు నందించెను. కన్నడసీమయందున్న మన శ్రీనివాసపురమున తెలుగు నిలువవలెనన్నచో, ముందుగా ఊరికొక ఉపాధ్యాయుని నిలుపుకొనవలెను.