గ్రంథసూచుల విలీనం, పునరుక్త నమోదుల పరిహరణ: చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
వేర్వేరు చోట్ల సేకరించిన గ్రంథసూచులను ఒకటిగా కలిపినప్పుడు ఒకే పుస్తకం రెండు మూడు రూపాలలో కనిపించడం గ్రంథాలయ రంగంలో పాత సమస్యే. జొటెరో, ఎండ్‌నోట్ వంటి సాఫ్ట్‌వేర్లు నేడు అటువంటి పునరుక్తులను క్షణాలలో గుర్తిస్తున్నాయి. అయితే రెండు నమోదులు నిజంగా ఒకే గ్రంథానివా అని తేల్చడం మాత్రం నేటికీ పరిశోధకుని బాధ్యతే.

2. కార్డుల కాలం:
బ్రిటిష్ మ్యూజియం గ్రంథసూచి కోసం ఆంటోనియో పానిజ్జీ ఆధ్వర్యంలో రూపొందిన 91 సూత్రాలు 1841లో వెలువడ్డాయి. రచయిత పేరును ఏ రూపంలో నమోదు చేయాలన్నది వాటిలో ముఖ్యమైన అంశం. ఉత్తర అమెరికా గ్రంథాలయాల కార్డులను కలిపి 1968–1981 మధ్య ముద్రించిన నేషనల్ యూనియన్ కేటలాగ్ 754 సంపుటాలకు విస్తరించింది. 1956కు పూర్వపు ముద్రణలు దాని పరిధి. ఒకే ముద్రణకు పలు గ్రంథాలయాలు పంపిన కార్డులను సంపాదకులు పోల్చి ఒక నమోదుగా కూర్చారు. ఆ ప్రతి ఉన్న గ్రంథాలయాల సంకేతాలను దాని కింద చేర్చారు. విలీనమంటే తొలగింపు కాదు, సమాచారాన్ని ఒకచోట నిలపడం అన్న దృష్టి ఇక్కడ స్పష్టం.

3. సంఖ్యల కాలం:
1970లో ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణమైంది. 1985లో ఓరెన్ పటాష్నిక్ రూపొందించిన బిబ్‌టెక్ ప్రతి నమోదుకూ ఒక సంకేతనామాన్ని కోరింది. 2000లో డీఓఐ అమలులోకి వచ్చింది. ఇటువంటి గుర్తింపు సంఖ్యలున్నచోట పోలిక సులభం. 1970కి ముందు ముద్రితమైన తెలుగు పుస్తకాలకు ఆ ఆధారం లేదు. అక్కడ శీర్షిక, రచయిత, సంవత్సరమే మిగులుతాయి.

4. తెలుగు నమోదులు:
ఇంటిపేరు ముందుండే తెలుగు సంప్రదాయం వల్ల ‘గురజాడ’ ఒక ఫైలులో ఇంటిపేరుగానూ, మరొకదానిలో వ్యక్తినామంలో భాగంగానూ చేరవచ్చు. ‘వేంకట’, ‘వెంకట’ వంటి రూపభేదాలూ ఉన్నాయి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంతోనూ, రెండు సంకేతాలతోనూ రాయవచ్చు. కంటికి ఒకటిగా కనిపించే పదాలు యంత్రానికి వేరు కావచ్చు.

ఇందుకు విరుద్ధమైన ప్రమాదం మరింత తీవ్రమైనది. ‘కన్యాశుల్కం’ 1897లో తొలిసారి ముద్రితమైంది. గురజాడ దానిని విస్తృతంగా తిరగరాసి 1909లో మలికూర్పుగా ప్రకటించారు. సంవత్సరం నమోదు చేయకపోతే శీర్షిక, రచయిత ఒకటే కనుక సాఫ్ట్‌వేర్ ఈ రెండింటినీ పునరుక్తులుగా చూపే అవకాశముంది. పరిశోధకుడు వాటిని కలిపివేస్తే తొలికూర్పులోని సంభాషణ మలికూర్పు పేరిట ఉదాహృతమవుతుంది. రచన పరిణామాన్ని చూపే ఆధారమే చెరిగిపోతుంది.

5. ముగింపు:
విలీనానికి ముందు మూల ఫైళ్ల నకళ్లను భద్రపరచడం, కూర్పును, ముద్రణ సంవత్సరాన్ని పూరించడం, పేర్లను ఒకే పద్ధతికి తేవడం అవసరం. సాఫ్ట్‌వేర్ చూపిన ప్రతి జంటనూ పుస్తకపు ముఖపత్రంతో సరిచూసిన తరువాతే కలపాలి. యంత్రం పోలికను మాత్రమే చూపగలదు. అభేదాన్ని నిర్ణయించవలసింది పాఠపరిష్కర్త దృష్టి గల పరిశోధకుడే.