సకుర పూలయాత్ర



నేడు నేను మనవిచేయబూనినది జపాను దేశపు పూలయాత్రను గూర్చిన చరిత్ర. ఆ దేశమున వసంతకాలమునందు 'సకుర' యను చెర్రి వృక్షములు నిలువెల్ల పూచును. వానిని జూచుటకై జనులు కుటుంబములతో తరలిపోవుదురు. ఈ వేడుకకు 'హనమి' యని పేరు. 'హన' యనగా పువ్వు. 'మి' యనగా చూచుట. చదువులకును ఉద్యోగములకును పోయి యచ్చట నివసించు మన బిడ్డలలో, ఆ పూలవేళకు తల్లిదండ్రులను రమ్మని పిలుచువారు గలరు. పోదలచినవారికి మొదట గలుగు సందేహ మొక్కటే: ఏ దినమునకు బయలుదేరవలెను? ఈ ప్రశ్న క్రొత్తది గాదు. పండ్రెండువందల యేండ్లనుండి జపానువారిని వేధించుచున్నదే.

క్రీస్తుశకము 812వ సంవత్సరమున సాగ యను చక్రవర్తి క్యోటో నగరమందలి తన యుద్యానవనమున పూలవిందు చేసెనని వారి రాజచరిత్రలో వ్రాయబడియున్నది. అటుపిమ్మట రాజులు, ఆస్థానోద్యోగులు, మఠములందలి సన్న్యాసులు తమ దినచర్య పుస్తకములలో ఏ నాడు పూలు నిండుగా పూచెనో, ఏ నాడు విందు జరిగెనో వ్రాసికొనుచు వచ్చిరి. 1872 వరకు వారికిని మనకువలెనే చాంద్రమాసములతోను అధికమాసములతోను గూడిన పంచాంగ ముండెడిది. 1873 జనవరి 1వ తేదీ మొదలు పాశ్చాత్యుల క్యాలెండరును స్వీకరించిరి.

ఇచ్చట నొక భేదము గమనింపదగినది. మన యుగాది యొక యేట మార్చి మూడవ వారమున వచ్చును. ఇంకొక యేట ఏప్రిలు రెండవ వారమున వచ్చును. పండుగ ముందుగా వచ్చిన యేట పచ్చడికి వేపపువ్వు దొరకక ఊరెల్ల వెదకుట మీ యెఱిగినదే. మనము తిథిని నిశ్చయించుకొని పువ్వును వెదకుదుము. జపానువారు పువ్వును జూచి దినమును నిశ్చయించుకొందురు. పువ్వు ఎవరి యాజ్ఞకును లోబడదు గావున వారి పని మన పనికన్న కష్టము.

అభిజ్ఞాన శాకుంతలము ఆఱవ యంకమున దుష్యంతుడు వసంతోత్సవమును నిషేధింపగా చెట్లు సయితము పూత నాపుకొన్నవని కాళిదాసు వర్ణించెను. కావ్యలోకమున నది చెల్లును. చరిత్రలో నేమి జరిగెనో చూడుడు. 1594వ సంవత్సరమున జపాను నంతటిని తన వశము చేసికొన్న టొయోటోమి హిదెయోషి, ఇంచుమించు అయిదువేలమంది పరివారముతో యొషినో పర్వతమునకు పూలు చూడబోయెను. సామంతులు, కవులు, తేనీటి విద్యలో నారితేరినవారు వెంట నుండిరి. ఏర్పాట్లలో లోప మేమియు లేదు. కాని కొండమీద చేరగనే వాన పట్టుకొని మూడుదినములు విడువలేదు. వాన నిలువకున్న కొండను తగులబెట్టింతునని ఆయన సన్న్యాసులను బెదరించెననియు, వారు భయపడి ప్రార్థింపగా మఱునాడు తెఱపి యిచ్చెననియు నొక కథ చెప్పుకొందురు. కథ నిజమైనను కాకున్నను అందలి యర్థము స్పష్టము: సేనలను నడిపినవాడు మేఘమును నడుపలేడు.

నాలుగేండ్లకు, 1598లో, ఆయన వేఱొక యుపాయము పన్నెను. తాను చెట్లవద్దకు పోవుటకు మాఱుగా, సమీప ప్రాంతములనుండి సుమారు ఏడువందల చెట్లను పెకలించి తెప్పించి క్యోటో చెంత డైగోజీ యను ఆలయపు కొండవాలున నాటించెను. ఆ విందునకు వచ్చిన పదుమూడువందలమందిలో మిక్కిలి పాలు స్త్రీలే. ఆ దినము ఆకాశము నిర్మలముగా నుండెనని చెప్పుదురు. కాని ఆ సంవత్సరమే సెప్టెంబరులో హిదెయోషి మరణించెను. మఱుసటి యేటి పూత ఆయనకు దక్కలేదు. ఆ కొండమీద నేటికిని ప్రతియేడు పూలు పూచుచున్నవి.

ప్రభువుల వేడుక సామాన్యుల వేడుకగా మాఱుటకు తొకుగావ యొషిమునె యను షోగను ముఖ్యకారకుడు. 1720 ప్రాంతమున ఆయన ఎదో నగరపు పొలిమేరనున్న అసుకయామ గుట్టపై వేయికి పైగా సకుర చెట్లను నాటించి, పిమ్మట నా స్థలమును ప్రజలకు విడిచిపెట్టెను. ఆ ఎదోయే నేటి టోక్యో. కూలివారు, వర్తకులు అన్నపుమూటలు కట్టుకొని వచ్చి చెట్లక్రింద చాపలు పఱచుకొనజొచ్చిరి.

నేటి యాత్రికుల రద్దీకి మూలమైన విషయ మొకటి కలదు. పూర్వము విరివిగా నుండినవి కొండసకురలు. అవి గింజనుండి మొలచినవగుటచే ఒక్కొక్క చెట్టు ఒక్కొక్క దినమున పూచెడిది. లేతయాకును పువ్వును కలిసివచ్చెడివి. పందొమ్మిదవ శతాబ్దమున ఎదో చెంత సొమెయి యను గ్రామపు తోటమాలులు ఒక క్రొత్తరకమును వ్యాపింపజేసిరి. దాని పేరు సొమెయి యొషినో. ఆకు రాకమునుపే కొమ్మ కనబడకుండ పూచుట దాని గుణము. దానిని అంటుకట్టియే పెంచుదురు. మన బంగినపల్లి మామిడి అంటు తల్లిచెట్టు గుణమునే చూపునట్లు, ఈ చెట్లన్నియు స్వభావమున నొక్కటే. కావున ఒక ప్రాంతమున నున్న చెట్లన్నియు ఒక్కసారి పూచి యొక్కసారి రాలును. చూడవచ్చువారందఱును ఆ కొలది దినములలోనే చూడవలసియున్నది. బసలు దొరకకుండుటకును, రైళ్లు క్రిక్కిఱియుటకును కారణమిదియే.

అందుచే పూత యెప్పుడో ముందుగా దెలియుట అవసరమయ్యెను. జపాను ప్రభుత్వపు వాతావరణశాఖ 1951లో పూతను గూర్చి భవిష్యత్తు చెప్పనారంభించి, 2009 వరకు చెప్పెను. ఇప్పుడు ఆ పని ప్రయివేటు సంస్థలు చేయుచున్నవి. శాఖవారు మాత్రము గుర్తుపెట్టిన యొక చెట్టును పరీక్షించి, దానిపై అయిదాఱు పూలు విచ్చినంతనే పూత ఆరంభమయ్యెనని ప్రకటింతురు. నూటికి ఎనుబదివంతుల మొగ్గలు విచ్చిన యెడల నిండుపూత. ఈ రెంటికి నడుమ సామాన్యముగా నొక వారము పట్టును. తరువాత గాలివాన వచ్చెనా, పూరేకులు నేలపాలే. మొగ్గ నిద్రమేల్కొనుటకు మొదట శీతకాలపు చలి కావలెను, పిమ్మట వేడిమి కావలెను. చలి చాలకున్నను పూత తడబడును.

అయినచో యాత్రికుడు చేయవలసిన దేమి? బసను నెలల ముందుగనే నిశ్చయించుకొనవలెను. కాని ఒక్క ఊరిని, ఒక్క దినమును నమ్ముకొనరాదు. దక్షిణమున క్యూషూ ద్వీపమున మార్చి చివర ఆరంభమగు పూత, నెలకు పైగా పయనించి ఉత్తరమున హొక్కైదో చేరును. యొషినో పర్వతమున క్రిందిభాగము మొదట, నడిమిభాగము తరువాత, శిఖరభాగము తుదకు పూచును. క్రింద రాలిపోయినను పైకెక్కినవానికి పూలు దొరకును. క్యోటోలో తక్కిన చెట్లు వట్టిపోయిన పిమ్మట నిన్నాజీ ఆలయమందలి పొట్టి సకురలు పూచును. హిదెయోషి చెట్లను తనయొద్దకు రప్పించుకొనెను. మనము పువ్వు వెంట నడచుటకు రెండుమూడు దినములు చేతిలో నుంచుకొన్న చాలును.

తుదకొక మాట. ఆ రాజులును సన్న్యాసులును వేడుకకై వ్రాసికొన్న తేదీలను యసుయుకి అవోనో అను పండితుడు యేండ్లతరబడి ప్రోగుచేసి, పాతతిథులను నేటి క్యాలెండరులోనికి మార్చి, క్యోటో పూతల పట్టికను కూర్చెను. శతాబ్దములు గడచినను ఆ పూత చాలవఱకు ఏప్రిలు నెలనడుమనే నిలిచియుండెను. 2021లో మార్చి 26వ తేదీననే నిండుపూత వచ్చెను. అంతకు పూర్వము పట్టికలో అన్నిటికంటె ముందైన పూత 1409 నాటిది, మార్చి 27వ తేదీ. భూమియు, పెరిగిన నగరములును వేడెక్కుచున్నవని చెప్పుటకు ఆ విందుల దినచర్యలే సాక్ష్యములైనవి. వ్రాసినవారు పువ్వును మాత్రమే తలచిరి. వారి వ్రాత కాలమునకే లెక్కయైనది.

గ్రామపెద్దలారా, మన యూళ్లలో వేప యేనాడు పూచెనో, మామిడి యేనాడు పూత పట్టెనో, మొదటి తొలకరి యేనాడు పడెనో మీకు గుర్తున్నది. కాని కాగితముపై లేదు. ఇంట నున్న పంచాంగపు అంచున ఏటేట ఒక్క పంక్తి వ్రాయుడు. దానిచే ఖర్చు లేదు. మీ మనుమలకు అది యెంత విలువగలదగునో వారే చెప్పగలరు.