పాట నిలబెట్టిన జబాన్

ఉమ్మడి చిత్తూరు జిల్లా ముస్లింలం మేము. మదనపల్లె, వాయల్పాడు, పుంగనూరు, పలమనేరు, తిరుపతి - ఎక్కడున్నా ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు. మాలో చాలామంది చదివిన బడీ తెలుగుదే. 'నక్కో', 'హౌ' అనే మా మాటను లక్నో పెద్దలు ఉర్దూ కిందే లెక్కగట్టరు. ఇరుగుపొరుగు దాన్ని 'తురకం' అన్నారు. ఎటూ కాని మా జబాన్‌కు మర్యాద తెచ్చింది సర్కారు కాదు, పండితులు కాదు. హిందీ సినిమా పాట.

పేరుకే హిందీ. నౌషాద్ బాణీలకు షకీల్ బదాయూనీ రాసింది ఉర్దూ కాదా? సాహిర్ లుధియాన్వీ, మజ్రూహ్ సుల్తాన్‌పురీ రాసింది ఉర్దూ కాదా? అలీఫ్ బే రాని మా పిల్లలకు వఫా, ఇంతెజార్, తన్‌హాయీ అనే మాటలు పుస్తకంలోంచి రాలేదు, రేడియోలోంచి వచ్చాయి. పరదా చాటున ఉండిపోయిన మా అమ్మీలకు, ఖాలాలకు గడప దాటకుండానే లోకం వినిపించింది ఆ పెట్టెలోంచే.

ఆ పాట కూడా నిషేధాలు దాటుకునే వచ్చింది. 1952లో కేంద్రమంత్రి అయిన బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటను దాదాపు వెళ్ళగొట్టింది. సినిమా పాట చవకబారుదని ఆయన వాదం. ముస్లింల చేతుల్లో పడి హిందుస్తానీ సంగీతం ఆధ్యాత్మికత పోగొట్టుకుందన్న అభిప్రాయం కూడా ఆయనకుంది. అంటే తగువు పాటతోనే కాదు, పాడే మనిషితో కూడా! అదే ఏడాది డిసెంబరులో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా మొదలైంది. దేశమంతా బుధవారం రాత్రి సిలోన్ వైపు చెవి తిప్పింది. చివరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణే వివిధ భారతి పెట్టి ఆ పాటను వెనక్కి పిలుచుకోవాల్సి వచ్చింది. ముల్లు తిప్పే జనం ముందు మంత్రిగారు ఓడిపోయారు.

ఇంకో సంగతి గమనించాలి. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యాడు. ముంతాజ్ జహాన్ మధుబాల అయింది. మహజబీన్ మీనాకుమారి అయింది. తెర మీది ముఖాలకు పేర్లు మారాయి. పాడే గొంతులు మాత్రం మహమ్మద్ రఫీగా, షంషాద్ బేగంగా సొంత పేర్లతోనే ఇంటింటికీ వచ్చాయి. మా పేరు విని మొహం చిట్లించే ఇంట్లో కూడా ఆ పేరు చెప్పాకే పాట మొదలయ్యేది. మాకది చిన్న విషయం కాదు.

1952 నాటి 'బైజూ బావరా'లో హరి దర్శనం కోసం తపించే భజన ఉంది. రాసింది షకీల్, బాణీ నౌషాద్‌ది, పాడింది రఫీ. మా జిల్లాకు ఇంకా దగ్గరి కథ ఒకటుంది. చిత్తూరును పేరులో కలుపుకున్న నాగయ్య 1964లో 'రామదాసు' తీశారు. అందులో కబీరు వేషం గుమ్మడిది, గొంతు రఫీది. భద్రాద్రి రాముడి తెలుగు కథలోకి కబీరును రానిచ్చింది జనం కథ. ఆ కబీరుకు రఫీ గొంతు కావాలని కోరుకుంది చిత్తూరు నాగయ్య సినిమా. ఏడుకొండలవాడికి బీబీ నాంచారమ్మను ఇల్లాలుగా చెప్పుకునే సీమలో ఇది వింత కాదు.

అయితే భజన పాడినందుకే రఫీని 'మంచి ముస్లిం' అని మెచ్చుకునేవాళ్ళతో మాకు పేచీ ఉంది. ఆయన ప్రేమ పాడాడు, విరహం పాడాడు, తాగుబోతు చిందులూ పాడాడు. అవీ ఈ దేశపు పాటలే. ఈ దేశంవాడు కావడానికి ఆయన పరీక్ష రాయనక్కర్లేదు. మేమూ రాయం.

పాటతోనూ మాకు పేచీ ఉంది. 'చౌద్‌వీ కా చాంద్' (1960), 'మేరే మెహబూబ్' (1963) చూసి మురిసిపోయాం. వాటిలో షేర్వానీలున్నాయి, మహళ్ళున్నాయి, ముషాయిరాలున్నాయి. పంక్చర్లేసే మా అన్న లేడు. మిషను తొక్కే మా ఆపా లేదు. దూది ఏకే మా దూదేకుల తాత లేడు. నవాబుల ఉర్దూ మాకు మర్యాద ఇచ్చిందే తప్ప మా బతుకును పాడలేదు.

రఫీ 1980 జూలై 31న పోయాడు. అమీన్ సయానీ 2024 ఫిబ్రవరి 20న పోయాడు. సెల్‌ఫోన్లలో ఆ పాటలు ఇంకా మోగుతూనే ఉన్నాయి. మా జబాన్‌ను అవి చెవిలో బతికించాయి, షుక్రియా. కానీ చెవిలో మాత్రమే ఉన్న భాష ఎన్ని తరాలు నిలుస్తుంది? దాన్ని నోటికీ, చేతికీ తెచ్చుకోవాల్సింది మేమే. నక్కోలతో, హౌలతో, తెలుగు కలిసిన మా దక్కనీలోనే మా పంక్చరు అన్న పాట మేం రాసుకోవాలి.